గ్రాఫైట్ హీట్ ఎక్స్ఛేంజర్ ఆయుష్షు స్టార్టప్‌లోనే తేలిపోతుంది

ఫాస్ఫారిక్ యాసిడ్ చిక్కబరిచే సెక్షన్‌లో యాసిడ్‌ని స్టీమ్‌తో వేడిచేసేది గ్రాఫైట్ హీట్ ఎక్స్ఛేంజర్. బయట స్టీలు షెల్, లోపల వందల గ్రాఫైట్ ట్యూబుల కట్ట (బండిల్), రెండు కొసలా మూతల్లాంటి హెడ్లు. ట్యూబుల్లో యాసిడ్, వాటి చుట్టూ షెల్‌లో స్టీమ్. అందులో ట్యూబు పగిలితే పెద్ద చప్పుడేమీ రాదు. కంట్రోల్ రూమ్‌లో కండెన్సేట్ (స్టీమ్ చల్లబడి మారిన నీరు) కండక్టివిటీ, అంటే యాసిడ్ కలిస్తే పెరిగే విద్యుత్ వాహకత, రీడింగ్ మెల్లగా పైకి పాకడం మొదలవుతుంది. షిఫ్ట్ ఆపరేటర్ కండెన్సేట్‌ని బాయిలర్ వైపు వెళ్లకుండా డ్రెయిన్‌కి మళ్లిస్తాడు. శాంపిల్ సీసాలో లిట్మస్ కాగితం ముంచితే ఎర్రబడుతుంది. ఇక ప్లాంటు ఆపక తప్పదు. పై హెడ్ విప్పి, షెల్‌లోకి నీళ్లు పట్టి, ఏ ట్యూబు నోట్లోంచి నీరు ఉబికి వస్తోందో టార్చి వేసి వెతుకుతారు. దొరికిన ట్యూబుకి రెండు కొసలా గ్రాఫైట్ ప్లగ్గు పెట్టి, సిమెంట్ పూసి, ఆరాక మూసేస్తారు. తర్వాత రిపోర్టులో కారణం అన్న గడిలో ఎవరో ఒకరు ‘కరోజన్’ (రసాయనం తినేయడం) అనో ‘థర్మల్ షాక్’ (ఉన్నట్టుండి వేడి మారడం) అనో రాస్తారు. మొదటిది దాదాపు ఎప్పుడూ తప్పు. రెండోది సగమే నిజం.

ఆ గడిలో ఏం రాస్తున్నారన్నది చిన్న విషయంగా కనిపిస్తుంది. కానీ తర్వాతి ఎక్స్ఛేంజర్ డిజైన్ దాని మీదే ఆధారపడుతుంది. కరోజన్ అని రాస్తే తర్వాతిసారి ఇంకా ఖరీదైన గ్రేడ్ గ్రాఫైట్ కొంటారు. అదే స్టీమ్ పైపు, అదే వాల్వు, అదే బిగింపు మధ్య దాన్ని పెడతారు. మూడేళ్లకు మళ్లీ అదే కథ.

ఇంతకీ ఇక్కడ గ్రాఫైటే ఎందుకు? వెట్ ప్రాసెస్‌లో, అంటే ఫాస్ఫేట్ రాయిని సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో కరిగించే పద్ధతిలో, ఫిల్టర్ దాటి వచ్చే ఫాస్ఫారిక్ యాసిడ్ పలచగా ఉంటుంది. ఫాస్ఫరస్ పెంటాక్సైడ్ లెక్కలో చెబితే 26-28 శాతం. దాన్ని 52-54 శాతం దాకా చిక్కబరచాలంటే, వాక్యూమ్ కింద నీటిని ఆవిరిగా తీసేసే ఎవాపరేటర్‌కీ హీట్ ఎక్స్ఛేంజర్‌కీ మధ్య పెద్ద పంపుతో తిప్పుతూనే ఉండాలి. యాసిడ్ 80-85 డిగ్రీల దగ్గర తిరుగుతుంది. ఒక్కో చుట్టులో కొద్ది డిగ్రీలే వేడెక్కుతుంది. అందులో ఫాస్ఫారిక్ యాసిడ్ ఒక్కటే ఉంటే ఇంత బాధ లేదు. ఫ్లోరైడ్లు, క్లోరైడ్లు, మిగిలిపోయిన సల్ఫ్యూరిక్, జిప్సం నలకలు అన్నీ కలిసి వస్తాయి. మామూలు స్టెయిన్‌లెస్ స్టీలు దీన్ని తట్టుకోలేదు. గాజు, టైటానియం, ఆఖరికి టాంటలం కూడా ఫ్లోరైడ్‌కి లొంగిపోతాయి. నికెల్ బాగా ఉన్న మిశ్రమలోహాలు కొన్నిచోట్ల వాడతారు కానీ వాటి ధర వాటిదే. విశాఖలో 1960ల చివరి నుంచీ, ఒడిశాలో పారాదీప్ దగ్గరా తయారయ్యే యాసిడ్ ఇదే రకం. ఈ పరిశ్రమలో ఎక్కడికి వెళ్లినా ఎవాపరేటర్ పక్కన నిలువుగా నిలబడి కనిపించే పెద్ద స్టీలు స్తంభం లోపల చాలావరకు నల్లటి గ్రాఫైట్ ట్యూబులే ఉంటాయి.

గ్రాఫైట్‌కి ఇంకో మంచి గుణం ఉంది. వేడిని బాగా దాటనిస్తుంది. 316 స్టెయిన్‌లెస్ స్టీలు ఉష్ణవాహకత సుమారు 16 యూనిట్లయితే (మీటరుకు, డిగ్రీకి ఇన్ని వాట్లు అన్న లెక్క), ఎక్స్ఛేంజర్‌లో వాడే గ్రాఫైట్‌ది గ్రేడుని బట్టి కొన్ని పదుల నుంచి వంద పైదాకా ఉంటుంది. తుప్పు పట్టని వస్తువుల్లో ఇలా వేడిని దాటించేవి అరుదు.

అయితే ‘గ్రాఫైట్ ట్యూబు’ అని మనం అనేది నిజానికి ఒక్క వస్తువు కాదు. పెట్రోలియం కోక్‌ని, తారులాంటి పిచ్‌ని కలిపి ఒత్తి, కాల్చి, 2500 డిగ్రీల పైన గ్రాఫైట్‌గా మారుస్తారు. ఎడ్వర్డ్ అచెసన్ 1896లో పేటెంట్ పొందిన పద్ధతికి ఇది వారసత్వం. అలా వచ్చిన గ్రాఫైట్ నిండా సన్నటి రంధ్రాలు. నీళ్లు పోస్తే చెమర్చి బయటికి వస్తుంది. అందుకే వాక్యూమ్‌లో పెట్టి, ప్రెషర్‌తో ఫినాలిక్ రెజిన్ ఎక్కించి, వేడితో గట్టిపరుస్తారు. తర్వాత ట్యూబుల్ని రెండు కొసలా ట్యూబ్ షీట్ (ట్యూబుల కొసలు దిగే రంధ్రాలున్న మందపాటి పలక)లో కార్బన్ సిమెంట్‌తో అతికిస్తారు. కాబట్టి చేతిలో ఉన్నవి మూడు: గ్రాఫైట్ ఎముకల గూడు, దాని రంధ్రాల్లో రెజిన్, కీళ్ల దగ్గర సిమెంట్. గ్రాఫైట్ ఒక్కటే అయితే చాలా వేడికి కూడా నిలుస్తుంది. రెజిన్‌కి మాత్రం 170-180 డిగ్రీల దగ్గర హద్దు మొదలవుతుంది. పరికరం హద్దు అంటే ఈ మూడింటిలో అన్నిటికంటే బలహీనమైనదాని హద్దే.

బ్రోషర్లలో కనిపించే యాసిడ్ల పట్టిక చూసి ధైర్యపడేవాళ్లు మర్చిపోయేది ఇంకొకటి ఉంది. గ్రాఫైట్‌కి నైట్రిక్, క్రోమిక్, బాగా చిక్కటి వేడి సల్ఫ్యూరిక్ లాంటి ఆక్సీకరణ యాసిడ్లు పడవు. రెజిన్‌కీ సిమెంట్‌కీ చిక్కటి వేడి కాస్టిక్ (సోడియం హైడ్రాక్సైడ్ క్షారం) పడదు. నడిచేటప్పుడు యాసిడే వెళ్తుంది కాబట్టి క్షారం ఊసు డేటా షీట్‌లో ఉండదు. ఏడాదికోసారి వచ్చే క్లీనింగ్ కాంట్రాక్టరు మాత్రం పక్క ప్లాంట్లో పనిచేసిన అలవాటు కొద్దీ కాస్టిక్ డ్రమ్ముతో దిగుతాడు. ఏడాదంతా యాసిడ్ చెయ్యని పని ఆ రెండు రోజుల్లో అయిపోతుంది. ప్రాసెస్ ద్రవంతో పాటు కడిగే ద్రవాలు కూడా, వాటి వేడితో, గాఢతతో సహా, కొనే రోజే డేటా షీట్‌లోకి ఎక్కాలి. షెల్ మీద ఒక రేకు ముక్క మీద కూడా ఎక్కితే ఇంకా మంచిది, డేటా షీట్ ఏ బీరువాలో ఉందో అప్పటికి ఎవరికీ గుర్తుండదు కాబట్టి.

ఇక అసలు సంగతికి వద్దాం. గ్రాఫైట్ లాగితే బలహీనం, నొక్కితే బలం. లాగే బలం 15-30 మెగాపాస్కల్ మధ్య ఉంటుంది. నొక్కే బలం దానికి మూడు నాలుగు రెట్లు. పైగా స్టీలులా సాగి, వంగి, ముందస్తు హెచ్చరిక ఇచ్చే గుణం దానికి లేదు. హద్దు దాటితే పుటుక్కున విరుగుతుంది. వేడికి సాగేది కూడా తక్కువే. డిగ్రీకి మీటరు పొడవున స్టీలు 12 మైక్రాన్లు పెరిగితే, గ్రాఫైట్ సుమారు 4 పెరుగుతుంది. గ్రాఫైట్ ట్యూబుల చుట్టూ ఉన్నది స్టీలు షెల్. ఒకే ఇంట్లో ఉన్న ఇద్దరు ఒకే వేడికి వేర్వేరుగా స్పందిస్తారన్నమాట.

స్టార్టప్ రోజు ఏం జరుగుతుందో లెక్క వేసి చూద్దాం. 5 మీటర్ల ట్యూబులు. అంతా 30 డిగ్రీల దగ్గర ఉంది. షెల్‌లోకి 120 డిగ్రీల స్టీమ్ వదిలారు. షెల్ కొద్దిసేపట్లో దాదాపు 120కి చేరుతుంది, అంటే 90 డిగ్రీల పెరుగుదల. 5 మీటర్లకు 5.4 మి.మీ. సాగుతుంది. ట్యూబుల్లో యాసిడ్ తిరుగుతోంది కాబట్టి అవి సగటున 90 దగ్గర నిలుస్తాయి, పెరుగుదల 60 డిగ్రీలు. 5 మీటర్లకు 1.2 మి.మీ. మాత్రమే. తేడా 4.2 మి.మీ.

ఈ 4.2 మి.మీ. ఎక్కడికో పోవాలి. అందుకే ఒక ట్యూబ్ షీట్ బిగించి, రెండోదాన్ని ప్యాకింగ్ (లీకు కాకుండా చుట్టూ కూరే సీలు) లోపల జారేలా, ‘ఫ్లోటింగ్’గా వదులుతారు. అది జారినంతకాలం సమస్య లేదు. జారకపోతే? ప్యాకింగ్ గట్టిపడి, దాన్ని నొక్కే గ్లాండ్ బోల్టులు అతిగా బిగించి, జారే చోట షెల్ లోపలి అంచుకు తుప్పు పట్టి ఉంటే, షెల్ సాగుతూ ట్యూబుల్ని తనతోపాటు లాగుతుంది. గ్రాఫైట్ స్థితిస్థాపక గుణకం (యంగ్స్ మాడ్యులస్) సుమారు 15 గిగాపాస్కల్ అనుకుంటే, పూర్తిగా ఇరుక్కుపోయిన చోట ట్యూబు మీద పడే లాగుడు 12 మెగాపాస్కల్ దాటుతుంది. 20 మెగాపాస్కల్ బలం ఉన్న ట్యూబుకి అది సగం పైనే. మిగతా సగంలోంచి యాసిడ్ ప్రెషర్ కొంత తీసుకుంటుంది, సిమెంట్ కీలు దగ్గరి ఒత్తిడి కొంత తీసుకుంటుంది. మిగిలిందాన్ని స్టీమ్ హామర్, అంటే స్టీమ్ ఎత్తి కొట్టే నీటి ముద్ద, ఒక్క దెబ్బతో తీసేస్తుంది.

‘థర్మల్ షాక్’ అన్నది సగం నిజం ఎందుకో ఇక్కడే తెలుస్తుంది. గ్రాఫైట్ వేడిని త్వరగా దాటిస్తుంది, తక్కువ సాగుతుంది, కాబట్టి ఉన్నట్టుండి వేడి మారినా గాజులా పగలదు. పైన చెప్పిన లెక్కల్నే వాడి, ట్యూబు గోడకి లోపలా బయటా నూరు డిగ్రీల తేడా వచ్చిందనుకున్నా, పుట్టే ఒత్తిడి 8 మెగాపాస్కల్ దాటదు. 6 మి.మీ. గోడలో అంత తేడా రావడం కూడా కష్టం. అంటే ట్యూబు తనంతట తాను వేడికి పగలడం అరుదు. దాన్ని పట్టుకుని కదలనివ్వకుండా చేసినప్పుడు పగులుతుంది. తప్పు గ్రాఫైట్‌ది కాదు, పట్టుకున్నవాడిది.

ఈ బాధకి పాతకాలపు మందు స్ప్రింగులు. గ్రాఫైట్ హెడ్‌ని, ట్యూబ్ షీట్‌ని బిగించే బోల్టుల కింద కాయిల్ స్ప్రింగులు పెడతారు. బయటి స్టీలు సాగినా కుదించుకున్నా స్ప్రింగు ఆ తేడాను మింగుతుంది, గ్రాఫైట్ మీద నొక్కుడు మాత్రం దాదాపు ఒకేలా ఉంచుతుంది. యాసిడ్ ప్రెషర్ రెండు ట్యూబ్ షీట్లని దూరంగా తోయాలని చూస్తుంది. స్ప్రింగులు దగ్గరికి నొక్కుతాయి. ట్యూబులు ఎప్పుడూ నొక్కుడులోనే ఉండేలా లెక్క వేస్తే గ్రాఫైట్ తన బలమైన వైపు నుంచే పనిచేస్తుంది. ఆయుష్షు కోసం డబ్బు ఖర్చు పెట్టాల్సిన మొదటి చోటు ఇదే, గ్రాఫైట్ గ్రేడు తర్వాత సంగతి. తుప్పు పట్టని స్ప్రింగులు, వాటి మీద వాన, యాసిడ్ చుక్కలు పడకుండా మూతలు, ఒక్కో స్ప్రింగు ఎంత పొడవుకి నొక్కాలో రాసిన రేకు కావాలి. ఫిట్టర్‌కి టార్క్ రెంచ్ కంటే ఇక్కడ పొడవు కొలిచే స్కేలు పనికొస్తుంది. నట్టు ఎంత బిగిసిందో టార్క్ చెబుతుంది, అది కూడా తుప్పు పట్టిన మరలో అబద్ధం చెబుతుంది. స్ప్రింగు పొడవు మాత్రం గ్రాఫైట్ మీద ఎంత బరువుందో నేరుగా చెబుతుంది.

ఒక స్ప్రింగుకి పెయింటు మందంగా పట్టి చుట్ల మధ్య గడ్డకట్టి ఉందనుకోండి. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. అది ఇక స్ప్రింగు కాదు, స్టీలు కడ్డీ.

స్టీమ్ ఎలా వస్తుంది

డిజైన్ కాగితం మీద స్టీమ్ అంటే 120 డిగ్రీల సాచురేటెడ్ స్టీమ్ (ఆ ప్రెషర్‌లో నీరు మరిగే వేడి దగ్గరే ఉన్న ఆవిరి), గంటకి ఇన్ని టన్నులు. ప్లాంట్లో స్టీమ్ అంటే అది కాదు. ఫాస్ఫారిక్ ప్లాంటుకి స్టీమ్ సాధారణంగా పక్కనున్న సల్ఫ్యూరిక్ యాసిడ్ ప్లాంటు వేస్ట్ హీట్ బాయిలర్ నుంచి, టర్బైన్ మీదుగా వస్తుంది. ప్రెషర్ తక్కువే అయినా సూపర్‌హీట్ (మరిగే వేడికి మించిన వేడి) మిగిలి ఉండవచ్చు. ప్రెషర్ గేజ్ చూస్తే 120 డిగ్రీలు ఉండాలి, థర్మామీటర్ 180 దగ్గర చూపిస్తుంది. రెజిన్ హద్దు గుర్తుందిగా. స్టీమ్ నాజిల్ (షెల్‌లోకి స్టీమ్ వచ్చే నోరు) ఎదురుగా ఉన్న మొదటి రెండు వరసల ట్యూబులకి మిగతా బండిల్‌తో సంబంధం లేని జీవితం ఇది.

దీనికి డీసూపర్‌హీటర్ పెట్టి నీళ్లు చల్లుతారు. ఎక్స్ఛేంజర్‌కి మరీ దగ్గరగా పెడితే ఇంకో చిక్కు. ఆవిరి కాని నీటి చుక్కలు స్టీమ్ వేగంతో వచ్చి మెత్తని గ్రాఫైట్‌ని కొడతాయి. కొన్ని నెలల్లో ట్యూబు ఒక పక్క పల్లం పడుతుంది. విప్పిన బండిల్‌లో నాజిల్ వైపు ట్యూబుల మీద వేలు పెట్టి రాస్తే, మిగతా చోట నున్నగా ఉన్న ఉపరితలం అక్కడ గరుకుగా, కొద్దిగా లోతుగా తగులుతుంది. ఆ మచ్చ ఆకారం నాజిల్ ఆకారమే అయితే ఇక పోస్ట్‌మార్టం అక్కర్లేదు. డీసూపర్‌హీటర్‌ని తగినంత వెనక్కి జరపాలి, మధ్యలో నీటిని విడదీసే సెపరేటర్ పెట్టాలి. స్టీమ్ నేరుగా నాజిల్ నుంచి ట్యూబుల మీదికి దూకకుండా షెల్ చుట్టూ ఒక వెడల్పాటి బెల్టులోకి వచ్చి, అన్ని వైపుల నుంచీ నెమ్మదిగా లోపలికి దిగేలా చేయాలి. ఈ స్టీమ్ బెల్టు షెల్ ఖర్చు పెంచుతుంది. కొటేషన్ పోలికలో ముందు కొట్టివేతకు గురయ్యేది కూడా ఇదే.

వాల్వు సంగతి ఇంకా చిన్నది, ఇంకా ఎక్కువ ట్యూబుల్ని మింగింది. పెద్ద ఎక్స్ఛేంజర్‌కి స్టీమ్ లైను 400 మి.మీ. ఉంటుంది, దాని మీద బటర్‌ఫ్లై వాల్వు. ‘నెమ్మదిగా వేడి చెయ్యండి’ అని మాన్యువల్‌లో రాసి ఉంటుంది. ఆ సైజు వాల్వుని రెండు శాతం తెరవడం ఎవరి తరమూ కాదు. చక్రం తిప్పుతుంటే కదలదు, కదలదు, ఒక్కసారి కదిలి పదిశాతానికి పోతుంది. చల్లటి షెల్‌లో అడుగున కండెన్సేట్ నిలిచి ఉంటే, దూసుకొచ్చిన స్టీమ్ ఆ నీటిని ముద్దగా ఎత్తి కొడుతుంది. స్టీలు ట్యూబు అయితే గణగణమని ఊరుకుంటుంది. గ్రాఫైట్ ఊరుకోదు. ఆపరేటర్ని తిట్టి లాభం లేదు. పెద్ద వాల్వు పక్కన 50 మి.మీ. గ్లోబ్ వాల్వుతో ఒక బైపాస్ పెడితే అరగంట పాటు షెల్‌ని మెల్లగా వేడిచేయడం ఎవరి చేతనైనా అవుతుంది. మొత్తం ఎక్స్ఛేంజర్ ధరలో ఈ బైపాస్ ఖర్చు కనిపించను కూడా కనిపించదు.

స్టీమ్ ఆపేసినప్పుడు కూడా కథ ఉంది. షెల్‌లో మిగిలిన ఆవిరి చల్లబడి వాక్యూమ్ పడుతుంది. వాక్యూమ్ బ్రేకర్ లేకపోతే కండెన్సేట్ లైన్లోంచి నీళ్లు వెనక్కి పీల్చుకుని షెల్ అడుగు నింపేస్తాయి. తర్వాతి స్టార్టప్‌లో దెబ్బ కొట్టేది ఆ నీళ్లే. కండెన్సేట్ నాజిల్ అడుగు ట్యూబ్ షీట్‌కి ఎంత దగ్గరగా ఉంటే అంత తక్కువ నీరు నిలుస్తుంది. పై కొసన గాలి పోయే వెంట్ లేకపోతే గాలి చిక్కుకున్న చోట ట్యూబులు చల్లగా, పక్కవి వేడిగా ఉంటాయి, ఒక్కో ట్యూబు ఒక్కోలా సాగుతుంది.

పంపు ఆగితే స్టీమ్ ఆగాలి. ఈ ఇంటర్‌లాక్ (ఒకటి ఆగితే రెండోదాన్ని తనంతట తానే ఆపే ఏర్పాటు) లేని చోట, ఉన్నా ‘ఊరికే ట్రిప్ అవుతోంది’ అని బైపాస్ చేసిన చోట, ట్యూబుల్లో నిలిచిపోయిన యాసిడ్ స్టీమ్ వేడికి చేరి, చిక్కబడి, జిప్సంతో సహా గడ్డకడుతుంది. తర్వాత దాన్ని తీయడానికి స్టీలు రాడ్డు దిగుతుంది.

స్కేలు, అదనపు ఏరియా అనే ఉచ్చు

37 మి.మీ. బయటి వ్యాసం, 25 మి.మీ. లోపలి వ్యాసం ఉన్న ట్యూబు తీసుకుందాం. గోడ 6 మి.మీ. గ్రాఫైట్ వాహకత 60 అనుకుంటే ఆ గోడ వేడికి పెట్టే అడ్డు (మీటర్లలో మందాన్ని వాహకతతో భాగిస్తే వచ్చేది) 0.0001. లోపల 1 మి.మీ. స్కేలు (జిప్సంలాంటివి పేరుకున్న పెచ్చు) పట్టి, దాని వాహకత 1 అనుకుంటే ఆ అడ్డు 0.001. ఒక మి.మీ. స్కేలు, ఆరు మి.మీ. గ్రాఫైట్‌కి పది రెట్లు. దీన్నుంచి రెండు విషయాలు తేలతాయి. గోడ ఇంకో మిల్లీమీటరు మందం పెంచితే వేడి విషయంలో పోయేది లెక్కలోకి రాదు, బలం, అరుగుదలకి ఓపిక మాత్రం పెరుగుతాయి. వాహకత ఎక్కువున్న గ్రేడు కోసం అదనంగా డబ్బు పెట్టడం, స్కేలు పట్టే డ్యూటీలో, పెద్దగా కలిసిరాదు.

స్కేలుకి భయపడి డిజైనర్లు సాధారణంగా చేసేది ఫౌలింగ్ మార్జిన్ (స్కేలు పట్టినా చాలేలా పెట్టే అదనపు ఏరియా, అంటే వేడి దాటే ఉపరితలం) పెంచడం. పాతిక శాతం ఎక్కువ ట్యూబులు పెట్టేస్తారు. యాసిడ్ అన్ని ట్యూబుల్లోంచి ఒకేసారి పోయే సింగిల్ పాస్‌లో అదే పంపు, అదే యాసిడ్. సెకనుకి 2.5 మీటర్లు ఉన్న వేగం 2 మీటర్లకి పడిపోతుంది. వేగం తగ్గితే నలకలు నిలుస్తాయి, స్కేలు త్వరగా పడుతుంది, గోడ వేడెక్కుతుంది, ఇంకా స్కేలు పడుతుంది. స్కేలు కోసం పెట్టిన అదనపు ఏరియానే స్కేలుని పిలిచి కూర్చోబెడుతుంది. తర్వాత ఎక్కువసార్లు కడగాలి. ప్రతి కడగడానికీ ఒక షట్‌డౌన్, ఒక స్టార్టప్. పైన చెప్పిన 4.2 మి.మీ. నాటకం ప్రతిసారీ మళ్లీ ఆడాలి. అదనపు ఏరియా కావాలంటే ట్యూబుల సంఖ్య బదులు పొడవు పెంచాలి, లేదా పంపు కూడా పెంచాలి. దీని బదులు స్టీమ్ వేడి తగ్గించడం ఇంకా తెలివైన దారి. 120 డిగ్రీల బదులు 110తో నడిచేలా డిజైన్ చేస్తే గోడ చల్లగా ఉంటుంది, స్కేలు నెమ్మదిస్తుంది. ఏరియా పెరిగినందుకు ఖర్చు ఒక్కసారే.

వేగానికి పై హద్దు కూడా ఉంది. జిప్సం, సిలికా నలకలున్న యాసిడ్ మరీ జోరుగా పోతే ట్యూబు మొదటి జానెడు దూరంలో, ప్రవాహం ఇంకా కుదురుకోని చోట, అరుగుతుంది. అక్కడ మార్చగలిగే చిన్న ఫెర్రూల్స్ (ట్యూబు నోట్లో తొడిగే గొట్టం ముక్కలు) పెడితే ట్యూబు బదులు అవి అరుగుతాయి. ఎవాపరేటర్ గోడ నుంచి ఊడిపడే స్కేలు పెచ్చులు ట్యూబ్ షీట్ మీదికి వచ్చి నోళ్లు మూసేయకుండా ముందు స్ట్రైనర్ ఉండాలి. సగం ట్యూబులు మూసుకుపోయిన బండిల్‌లో మిగతా సగం రెట్టింపు వేగం చూస్తాయి.

కడిగే పనికి దారి డిజైన్‌లోనే ఉండాలి. పై హెడ్ విప్పడానికి క్రేన్ అందుతుందా, నీటి జెట్ లాన్స్ నిలువుగా దిగడానికి పైన చోటుందా అన్నవి లేఅవుట్ డ్రాయింగ్ రోజునే అడగాల్సిన ప్రశ్నలు. చోటు లేకపోతే లాన్స్ ఏటవాలుగా దిగి ట్యూబు నోటి అంచుని చెక్కుతుంది.

ఎనిమిది వందల ట్యూబుల లెక్క

గ్రాఫైట్ బలం ఒక అంకె కాదు. ఒకే బ్యాచ్‌లో ఒక ముక్క 18 మెగాపాస్కల్ దగ్గర, ఇంకోటి 26 దగ్గర విరుగుతుంది. లోపల ఎక్కడ ఏ చిన్న లోపం ఉందో దాని మీద ఆధారం. సర్టిఫికెట్ మీద సగటు చూసి తృప్తి పడితే ఏమవుతుందో చూడండి. ఒక ట్యూబు ఐదేళ్లు నిలిచే అవకాశం 99.9 శాతం అనుకుందాం, వినడానికి గొప్పగా ఉంది. 800 ట్యూబుల బండిల్‌లో ఒక్కటీ పగలకుండా ఉండే అవకాశం 45 శాతమే. బండిల్ ఆయుష్షు సగటు ట్యూబు చేతిలో లేదు, అన్నిటికంటే బలహీనమైన ట్యూబు చేతిలో ఉంది. కాబట్టి బలహీనమైనదాన్ని ఫ్యాక్టరీలోనే విరగనివ్వాలి. ప్రతి ట్యూబునీ విడిగా, నడిచే ప్రెషర్ కంటే బాగా పైన టెస్ట్ చేసి, నిలిచినవే బండిల్‌లోకి పంపాలి. ఇది కొనుగోలు ఆర్డర్‌లో ఒక్క వాక్యం. కార్బన్ ఫైబర్ చుట్టిన ట్యూబులు దొరుకుతాయి. అవి పగులు పాకకుండా పట్టి ఉంచుతాయి, స్టీమ్ హామర్‌కి ఎక్కువ ఓర్చుకుంటాయి. బండిల్ మొత్తానికి కాకపోయినా స్టీమ్ నాజిల్ చుట్టూ ఉన్న వరసలకైనా అడగదగినవి.

అమెరికన్ ప్రెషర్ వెసెల్ కోడ్, అంటే ఏఎస్ఎంఈ సెక్షన్ 8లోని మొదటి డివిజన్, 2009లో ఇంప్రెగ్నేటెడ్ (రెజిన్ ఎక్కించిన) గ్రాఫైట్ కోసం యూఐజీ అనే విడి భాగం చేర్చింది. అందులో ఆసక్తికరమైన సంగతి, సిమెంట్ అతికే మనిషికి కూడా వెల్డర్‌లా అర్హత పరీక్ష ఉండటం. సిమెంట్ కీలు బాగుందో లేదో అతికాక బయటికి కనిపించదు. కలిపే పాళ్లు, పూసే మందం, ఆరబెట్టే వేడి, అన్నీ మనిషి చేతిలో పని. కోడ్ స్టాంప్ అక్కర్లేని ఆర్డర్‌లో కూడా ఈ ఒక్క నియమం అరువు తెచ్చుకోవచ్చు.

బాఫిల్స్, అంటే షెల్ లోపల ట్యూబులకి మధ్యమధ్య ఆధారం ఇచ్చే రంధ్రాల పలకల, గురించి ఒక మాట. గ్రాఫైట్ బిగువు స్టీలులో పన్నెండో పదమూడో వంతు. అదే దూరానికి ఆధారం ఇస్తే ఎక్కువ ఊగుతుంది. ఊగిన ప్రతిసారీ బాఫిల్ రంధ్రం అంచు ట్యూబుని గీస్తుంది. స్టీమ్ వచ్చే చోట బాఫిల్స్ దగ్గర దగ్గరగా ఉండాలి, రంధ్రాల అంచులు గరుకు లేకుండా గుండ్రంగా నూరాలి. గరుకు అంచు మీద గోరు పెట్టి రాస్తే గోరు తెగేలా ఉంటే అది రేపు ట్యూబుని కూడా కోస్తుంది.

హైడ్రోక్లోరిక్ యాసిడ్ తయారీలో కథ కొంచెం వేరు. కర్నూలు, సగ్గొండ లాంటి చోట్ల ఉప్పునీటి నుంచి క్లోరిన్, కాస్టిక్ తీసే క్లోర్-ఆల్కలీ పరిశ్రమ ఉంది. ఇలాంటి పరిశ్రమలో హైడ్రోజన్ క్లోరైడ్ వాయువుని నీటిలో కరిగించడానికి గ్రాఫైట్ ఫాలింగ్ ఫిల్మ్ అబ్జార్బర్లు (ట్యూబు లోపలి గోడ మీద నీరు పొరలా జారుతూ వాయువుని కరిగించుకునేవి) వాడతారు. ఇవీ షెల్ అండ్ ట్యూబే. వాయువు కరిగేటప్పుడు చాలా వేడి పుడుతుంది, షెల్‌లోని కూలింగ్ వాటర్ దాన్ని లాగేస్తుంది. ఇక్కడ ప్రమాదం స్టీమ్ వైపు నుంచి రాదు, నీళ్లు ఆగిపోయినా వాయువు ఆగకపోవడం నుంచి వస్తుంది. ట్యూబు లోపల నీటి పొర అన్నిటికీ సమంగా పంచకపోయినా అంతే, పొడిబారిన ట్యూబు వేడెక్కుతుంది, రెజిన్ మాడుతుంది. పైన నీటిని పంచే గిన్నెలు సమతలంగా ఉన్నాయో లేదో స్పిరిట్ లెవెల్ పెట్టి చూడటం అనే చాదస్తపు పని ఇక్కడ ఆయుష్షుని సంవత్సరాల్లో పెంచుతుంది.

ఇంత చేసినా ఏదో ఒకరోజు ఒక ట్యూబు పగులుతుంది. ఆ రోజు నుంచి మిగతా ట్యూబుల ఆయుష్షు లీకు ఎంత త్వరగా పట్టుకున్నారన్నదాని మీద నడుస్తుంది. యాసిడ్ ప్రెషర్ ఎక్కువున్న చోట లీకైన యాసిడ్ షెల్‌లోకి వస్తుంది. షెల్, బాఫిల్స్, వాటిని పట్టి ఉంచే టై రాడ్లు అన్నీ స్టీలే. వేడి యాసిడ్‌కి అవి వారాల్లో పలచబడతాయి, బాఫిల్ రంధ్రాలు పెద్దవై ట్యూబులు ఇంకా ఊగుతాయి. నాలుగు ఎక్స్ఛేంజర్ల కండెన్సేట్ అంతా ఒక హెడర్ (ఉమ్మడి పైపు)లో కలిశాక ఒకే కండక్టివిటీ మీటర్ పెడితే, చిన్న లీకు మిగతా మూడింటి మంచి నీళ్లలో కలిసి కనపడకుండా పోతుంది. ఒక్కో షెల్ అడుగున ఒక్కో మీటర్, దాని పక్కన చేత్తో శాంపిల్ తీసుకునే చిన్న కుళాయి ఉండాలి. ప్లగ్గు చేసిన ట్యూబులన్నీ ట్యూబ్ షీట్ బొమ్మ మీద తేదీతో సహా గుర్తు పెట్టాలి. మూడు నాలుగు షట్‌డౌన్ల తర్వాత ఆ బొమ్మ చూస్తే సంగతి తెలిసిపోతుంది. చుక్కలన్నీ స్టీమ్ నాజిల్ వైపు గుంపుగా ఉంటే తప్పు స్టీమ్‌ది. అంచు వరసల్లో గుండ్రంగా ఉంటే ఫ్లోటింగ్ హెడ్ ఎక్కడో ఇరుక్కుంటోంది, లేదా స్ప్రింగులు సమంగా లేవు. అక్కడక్కడా చెదురుగా ఉంటే ట్యూబుల టెస్టింగ్ సరిగా జరగలేదని అనుమానించాలి.